చదువని పుస్తకముల ఋణము

శరన్నవరాత్రులలో మూలానక్షత్రమునాడు మన యిండ్లలో సరస్వతీపూజ జరుగును. పిల్లల పాఠ్యపుస్తకములు మొదలుకొని పెద్దల రామాయణ భారతముల వరకు పీటమీద పేర్చి, పసుపు కుంకుమలు పెట్టి, పూలు చల్లి నమస్కరింతుము. పూజలోనున్న పుస్తకమును తీసి చదువరాదని పెద్దలు చెప్పుదురు. పిల్లలు ఈ నియమమును మహానందముతో పాటింతురు. వారి యానందము ఒకటి రెండు దినములతో ముగియును. పెద్దల విషయము వేరు. వారు తమ బీరువాలోని పుస్తకములను సంవత్సరము పొడుగునను పూజలోనే యుంచినారు. అద్దపు తలుపుల వెనుక అవి దేవతామూర్తులవలె నిలిచియుండును. వానికి దుమ్ము దులుపుట కలదు. కలరా ఉండలు వేయుట కలదు. పొరపాటున కాలు తగిలినచో కన్నుల కద్దుకొనుట కలదు. చదువుట మాత్రము లేదు.

ఇతరులను అధిక్షేపించుటకై యీ మాటలు వ్రాయుటలేదు. గడచిన సంక్రాంతికి ముందు మా యింటికి వెల్ల వేయింపవలసివచ్చి, బీరువాలలోని పుస్తకములన్నిటిని నేలకు దింపితిమి. సెలవులకు వచ్చిన నా మనుమరాలు, ఆరవ తరగతి చదువుచున్నది, నాకు సాయము వచ్చినది. సగము పని కాకముందే అడిగినది: "తాతయ్యా, ఇవన్నీ నువ్వు చదివావా?"

ముప్పదిరెండేండ్లు ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రము బోధించినవాడను. పిల్లల ప్రశ్నలకు నేను జంకుట లేదు. ఈ ప్రశ్నకు జంకితిని. "చాలావరకు చదివానమ్మా" అంటిని. "చాలావరకు అంటే ఎన్ని?" అన్నది. ఇక లెక్కింపక తప్పలేదు. ఇద్దరము కూర్చుండి రెండు వరుసలుగా పేర్చితిమి. మొత్తము 412 పుస్తకములు తేలినవి. మొదటినుండి తుదివరకు చదివినవి 244. అసలు తెరువనివియు, తెరచి నాలుగు పుటలకే విడిచినవియు కలిసి 168. అందొక పుస్తకమున అంచులు కోయక అతుకుకొనిపోయిన పుటలు అట్లే యున్నవి. అది 1978లో కొన్నది. దానికంటె సాక్ష్యము వేరొకటి యేల?

ఈ 168 పుస్తకములు మా యింటికెట్లు చేరినవని విచారించితిని. వానిలో కొన్ని గౌరవముకొలది కొన్నవి. కవిత్రయ భారతము లేని యిల్లు తెలుగువాని యిల్లెట్లగునని కొంటిని. ఆదిపర్వమును, విరాటపర్వమును మాత్రము చదివితిని. కొన్ని ఆవిష్కరణసభలలో గ్రంథకర్తలు ప్రేమతో సంతకము చేసి చేతికిచ్చినవి. కొన్ని పదవీవిరమణ సభలో శాలువతోపాటు వచ్చినవి. మరికొన్ని మాస్కోలో తెలుగున అచ్చయి మన యూళ్ళకు వచ్చిన సోవియట్ గ్రంథములు. మంచి కాగితము, గట్టి అట్ట, వెల అత్యల్పమని కొన్నవి. 1991లో ఆ దేశమే విచ్ఛిన్నమై వాని రాక నిలిచిపోయినది గాని, నా బీరువాలో వాని నివాసము నిలువలేదు. అన్నిటికంటె పెద్ద రాశి మాత్రము ఆశకొలది కొన్నది. విజయవాడలో ఏటేట జనవరిమాసమున జరుగు పుస్తక మహోత్సవమునకు పోయి సంచి నింపుకొనక తిరిగివచ్చిన యేడు నాకు గుర్తులేదు. పుస్తకముతోపాటు దానిని చదువుటకు వలయు కాలమునుగూడ కొనగలిగినచో మేలే గాని, కొనువాడు తరచుగా పుస్తకమును కొనుటనే దానిలోని విషయమును గ్రహించుటగా భ్రమపడునని 19వ శతాబ్దపు జర్మను తత్త్వవేత్త షోపెన్‌హవరు ఎత్తిపొడిచినాడు. ఆయన నా సంచిని చూచి వ్రాసినట్లున్నది.

ఇట్టి విమర్శ కొత్తది కాదు. రెండువేల యేండ్లకు ముందే రోమను తత్త్వవేత్త సెనెకా, భోజనశాలకు అలంకారముగా గ్రంథములను పేర్చుకొని వాని పేరులైనను చదువని ధనికులను నిందించినాడు. పుస్తకమునందుండిపోయిన విద్య పరుల చేతిలోని ధనము వంటిదని, పని పడినప్పుడు రెండును అక్కరకు రావని మన సుభాషితకారుడు హెచ్చరించినాడు. అయినను ప్రతివాదమును వినుట న్యాయము. చదువని పుస్తకములన్నియు సిగ్గునకు కారణములు కావు. ఎనిమిది సంపుటముల సూర్యరాయాంధ్ర నిఘంటువును మొదటినుండి తుదివరకు చదివినవాడు లేకున్నంత మాత్రమున అది వ్యర్థము కాదు. అవసరమునకు తెరచుటకే అది యున్నది. ఇక కొన్ని పుస్తకములు చదువలేకయే మనకు మేలు చేయును. ఇటలీ దేశపు మహాకవి పెట్రార్కునకు 1354లో హోమరు కావ్యపు గ్రీకు ప్రతి యొకటి కానుకగా లభించినది. ఆయనకు గ్రీకు భాష రాదు. ఆ గ్రంథమును కౌగిలించుకొని, హోమరు తనకు మూగవాడై యున్నాడని, తాను హోమరునకు చెవిటివాడనై యున్నానని వాపోయినాడు. ఆ వేదన వృథా కాలేదు. పిదప కొన్నేండ్లకు ఆయనయు, మిత్రుడగు బొకాచియోయు పూనుకొని, లియోంటియస్ పిలాటస్ అను పండితునిచే హోమరును లాటిను భాషలోనికి అనువదింపజేసిరి. చదువలేని పుస్తకము ఆయనను నిద్రపోనీయలేదు. మన పుస్తకములు మనలను హాయిగా నిద్రపోనిచ్చుచున్నవి. భేదమంతయు అందే యున్నది.

ఇదంతయు వ్యక్తిగతమైన సోమరితనమే యైనచో పత్రికకెక్కించి చర్చింపవలసిన పనిలేదు. నేను భయపడుచున్నది వేరొక విషయమునకు.

కొన్నేండ్ల క్రిందట తెలంగాణమునందలి యొక మిత్రుని యింటికి పోయియుంటిని. వారి తాతగారు చదువుకొన్న పెద్దమనిషి. ఆయన పుస్తకముల పెట్టె యటుకమీద నున్నదని మిత్రుడు దింపించినాడు. అన్నియు ఉర్దూ గ్రంథములు. హైదరాబాదు సంస్థానమున 1948 వరకు ఉర్దూయే రాజభాష. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున శాస్త్రములన్నియు ఆ భాషలోనే బోధించిరి. అందుచేత ఆ తరమునందలి తెలుగు కుటుంబములవారనేకులు న్యాయమైనను, గణితమైనను, చరిత్రమైనను ఉర్దూలోనే చదివిరి. మిత్రుడు ఒక గ్రంథమును భక్తితో చేతికి తీసుకొని, మన పుస్తకమువలెనే ఎడమవైపునుండి తెరచినాడు. అది ఆ గ్రంథమునకు చివరి పుట. తాతగారు అంచులలో సన్నని అక్షరములతో ఏమేమో వ్రాసికొనియున్నారు. అది లెక్కయో, శ్లోకమో, ఇంటి సంగతియో మనుమనికి తెలియదు, నాకును తెలియదు. పెట్టె మూసి మరల అటుక నెక్కించినాము.

నా మనుమరాలు పుస్తకములు పేర్చునపుడు ఆ పెట్టె నాకు జ్ఞప్తికి వచ్చినది. ఆమె ఇంగ్లీషు మాధ్యమమున చదువుచున్నది. తెలుగు ఒక పాఠ్యాంశముగా కలదు. చురుకైన పిల్ల. కాని తెలుగు పుట నామెముందు పెట్టినచో వ్రేలు కదుపుచు అక్షరమక్షరము కూడబలుకుకొనును. సంయుక్తాక్షరము వచ్చిన చోట ఆగిపోవును. తప్పు ఆమెది కాదు. ఆమె యింట తెలుగు పుస్తకమును పైకి చదువు కంఠము లేదు. ఇట్టి యిండ్లు నేడు హైదరాబాదులోను, విజయవాడలోను, బెంగుళూరులోను, సముద్రముల కావలను వేలకు వేలున్నవి. మనము చదువక దాచిన పుస్తకములు మన బిడ్డలు చదువలేని పుస్తకములగుటకు రెండు తరములు చాలును. తాతగారి ఉర్దూ పెట్టెకు పట్టిన గతి మన తెలుగు బీరువాకు పట్టకుండుటకు ఏ ప్రభుత్వమో వచ్చి అడ్డుపడదు. ఆ పిదప కథ అందరికిని తెలిసినదే. పెద్దాయన పోయిన యేడాదికి ఇల్లు ఖాళీచేయుదురు. పాత కాగితములవాడు తూకమునకు కొనును. ఆదివారమునాడు హైదరాబాదు ఆబిడ్సు కాలిబాటపై, "ప్రియమిత్రునకు" అను సంతకముతో, పుటలు విడివడని గ్రంథము ఎండలో కనబడును.

ప్రాచీనులు మనవలె పుస్తకములను పోగుచేయలేదు. తాటాకులపై గంటముతో వ్రాసిన గ్రంథమునకు ఒక్క ప్రతి కలిగినను అది గొప్ప సంపద. అయినను ఆ ఒక్క ప్రతి ఊరంతటికి చెందెడిది. సాయంకాలము గుడిమంటపమున పౌరాణికుడు పద్యము చదివి అర్థము చెప్పుచుండగా, అక్షరము రానివారు గూడ భారతకథ నంతయు తెలిసికొనిరి. చదువరి యొక్కడు, శ్రోతలు నలుబదిమంది. నేడు మన యింట గ్రంథములు నాలుగువందలు, చదువరి యొక్కడు, శ్రోత శూన్యము. అచ్చుయంత్రము మనకు పుస్తకములను సులభము చేసినది. వినిపించు అలవాటును మనమే పోగొట్టుకొంటిమి.

చదువువారు లేనిచో గ్రంథమునకు కలుగు దుర్దశకు మన సాహిత్యచరిత్రమే నిదర్శనము. నన్నెచోడుని కుమారసంభవము తంజావూరు గ్రంథాలయమున ఎంతకాలము ఎవరి దృష్టికిని రాక పడియున్నదో చూడుడు. మానవల్లి రామకృష్ణకవిగారు దానిని వెదకి తీసి 1909లో ముద్రింపించువరకు అట్టి కవి యొకడుండెనని పండితలోకము ఎరుగదు. ఒక్క చదువరి తలయెత్తి చూచుటచేత ఒక మహాకవి మరల జన్మించినాడు. అంతకుముందు 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌను, మన యిండ్లలో చెదలకు ఆహారమగుచున్న తాటాకు గ్రంథములను సేకరించి, పండితులకు జీతములిచ్చి ప్రతులు వ్రాయించి, పాఠములను పరిష్కరింపించినాడు. ఆయన నివసించిన స్థలముననే నేడు కడపలో ఆయన పేర భాషాపరిశోధన కేంద్రము వెలసినది. మన పుస్తకములను మనకంటె ముందుగా చదువుటకు పరదేశి రావలసివచ్చినది.

పిదప మనవారును మేల్కొనిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1911లో విజయవాడ రామమోహన గ్రంథాలయము, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినవి. అయ్యంకి వెంకటరమణయ్యగారు గ్రంథాలయోద్యమమునకే జీవితమును ధారపోసిరి. 1930ల దశకమున పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలలో పడవమీద పుస్తకములను తీసికొనిపోయి పల్లెలవారికి అందించిరి. కాలువ గట్టున నిలిచి పడవకై ఎదురుచూచిన ఆ రైతుబిడ్డలకు సొంత బీరువాలు లేవు. బీరువాలున్న మనకు ఎదురుచూపు లేదు. ఆచార్య రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ సూత్రములు అయిదింటిలో మొదటిది, పుస్తకములు వినియోగము కొరకే యున్నవని చెప్పును. మూడవది, ప్రతి పుస్తకమునకును దాని పాఠకుడు లభింపవలెనని చెప్పును. ఆ సూత్రములు గ్రంథాలయమునకే గాని గృహమునకు చెందవని ఆయన ఎక్కడను అనలేదు.

ఇక చేయవలసిన దేమి? నేను అవలంబించిన పద్ధతిని చెప్పెదను. అది గొప్పది కాదు, ఆచరింపదగినది.

మొదట లెక్క వేసితిని. దినమునకు ఇరువది పుటలు చదివినచో మూడువందల పుటల గ్రంథము పదునైదు దినములకు ముగియును. ఏడాదికి ఇరువదినాలుగు. ఆ వరుసన 168 పుస్తకములకు ఏడేండ్లు పట్టును. నా వయస్సునకు ఏడేండ్లు చిన్న లెక్క కాదు. అందుచేతనే కొత్త పుస్తకము కొనుట తాత్కాలికముగా నిలిపితిని. మూడు చదివిన పిదప ఒకటి కొనుట కనుమతి యిచ్చికొంటిని. పూర్తిగా మానినచో గ్రంథకర్తలును ప్రచురణకర్తలును ఎట్లు బ్రతుకుదురు? కవిత్రయ భారతమున ఇరువదివేలకు పైబడిన గద్యపద్యము లున్నవి. దినమునకు ఇరువది చొప్పున మూడేండ్ల పని. పెద్ద గ్రంథమును కొండవలె చూచి భయపడుటకంటె, ఉదయము కాఫీ చల్లారులోపల ఇరువది పద్యములని తలచిన చేతికి వచ్చును.

రెండవది, అన్నియు చదివితీరవలెనను పంతము కూడదని గ్రహించితిని. ఏబది పుటలు శ్రద్ధగా చదివినను మనస్సు పట్టని పుస్తకమును విడుచుటకు సిగ్గుపడరాదు. అది వేరొకని కొరకు వ్రాసినదై యుండును. అట్టివానిని మా యూరి శాఖాగ్రంథాలయమునకు ఇచ్చితిని. గ్రంథకర్త సంతకమున్న ప్రతిని మాత్రము, చదువక యెవ్వరికిని ఇయ్యరాదని నియమము పెట్టుకొంటిని. ప్రేమతో ఇచ్చినవానికి అంతమాత్రము మర్యాద చేయవలెను.

మూడవది ముఖ్యమైనది. ఆదివారమునాడు ఇరువది నిమిషములు టెలిఫోనులో నా మనుమరాలికి పైకి చదివి వినిపించుచున్నాను. ఆమెవద్ద అదే పుస్తకపు మరియొక ప్రతి యున్నది. నా కంఠము వెంట ఆమె కన్ను నడచును. మొదట నెలరోజులు విసుగుకొన్నది. ఇప్పుడు నేను పదము మ్రింగినచో "తాతయ్యా, ఒక మాట వదిలేశావు" అని పట్టుకొనుచున్నది. సంయుక్తాక్షరములకు నేను వేరే పాఠము చెప్పలేదు.

ఈ పనిలో నాకొక దుఃఖముగూడ కలిగినది. దానిని ఉపాధ్యాయ మిత్రుల యెదుట దాచుట ధర్మము కాదు. చదువని వరుసలో సురవరం ప్రతాపరెడ్డిగారి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" యున్నది. 1949లో వెలువడిన గ్రంథము; 1955లో తెలుగునకు కేంద్ర సాహిత్య అకాడమీవారి మొదటి పురస్కారమును తెచ్చినది; అప్పటికే గ్రంథకర్త కీర్తిశేషులైరి. ఈ వివరములన్నియు నేను తరగతిలో చెప్పియున్నాను. గ్రంథమును మాత్రము చదువలేదు! ఇప్పుడు చదివితిని. రాజుల యుద్ధములు కాక, కాకతీయుల కాలమున ప్రజలేమి తినిరి, ఏమి కట్టిరి, పిల్లలే యాటలాడిరి, సంతలలో ఏమి అమ్మిరి అను సంగతులను కావ్యములనుండియు, సామెతలనుండియు ఏరి తెచ్చి ఆయన చరిత్రగా కూర్చినారు. నేను ముప్పదిరెండేండ్లు పిల్లలచే రాజుల పేరులు, పట్టాభిషేక సంవత్సరములు వల్లె వేయించితిని. పాఠము చప్పగా నున్నదని వారు ఆవులించినప్పుడు వారిని కోపించితిని. ఆ పాఠమునకు ప్రాణము పోయగల గ్రంథము నా గదిలో, నా కుర్చీకి నాలుగడుగుల దూరమున నిలిచియున్నది. ఆ పిల్లలు నేడు నడివయస్సువారు. వారి తరగతిని నేను మరల తీసికొనలేను. చదువని పుస్తకపు వెల దాని అట్టమీద అచ్చు వేసినంత మాత్రమే కాదని అప్పుడు తెలిసినది.

కనుక ఉపాధ్యాయులకు నా మనవి. మీ బీరువాతోపాటు మీ పాఠశాల బీరువానుగూడ తెరువుడు. అనేక పాఠశాలలలో దాని తాళపుచెవి ఒక్కరి చేతిలో నుండును. పుస్తకము పోయినచో స్టాకు రిజిస్టరునకు తానే జవాబు చెప్పవలెనను భయముచేత ఆ ఉపాధ్యాయుడు ఎవరికిని ఇయ్యడు. భయము సహజమే. కాని 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకును వార్తాపత్రికలతోను, కథల పుస్తకములతోను కూడిన గ్రంథాలయము నుండవలెనని చెప్పినది. తాళము వేసిన బీరువా నుండవలెనని చెప్పలేదు. కేంద్రప్రభుత్వపు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమములు సైతము, చదువుటకిచ్చిన వేయి పుస్తకములకు ఏడాదికి అయిదు పోవుట సహజమేయని అంగీకరించినవి. రాష్ట్రములలోని విద్యాధికారులు ఈ భావమునే పాఠశాలలకును స్పష్టముగా అన్వయించి, ఉపాధ్యాయుని జేబునకు ఆ భయమును తొలగింపవలెను. పిల్లల చేతిలో చిరిగిన పుస్తకము, బీరువాలో చెదలు తిన్న పుస్తకముకంటె వేయిమడుగులు ధన్యము.

విద్యార్థులకు ఒక్కమాట. మీ యింట పెద్దల పుస్తకములున్నచో, నా మనుమరాలు అడిగిన ప్రశ్ననే మీరును అడుగుడు. మర్యాదగా అడుగుడు, కాని జవాబు వచ్చువరకు విడువకుడు. "ఏదీ, ఒకటి చదివి వినిపించు" మని కూర్చుండుడు. పెద్దలను చదివించు శక్తి పిల్లలకున్నంతగా ఏ సభకును, ఏ యుపన్యాసమునకును లేదు.

మనిషి మూడు ఋణములతో పుట్టునని మన పూర్వులు చెప్పిరి. వానిలో ఋషిఋణము అధ్యయనము చేతనే తీరును. ధనము చేత తీరదు. పుస్తకమునకు వెల చెల్లించి తెచ్చినవాడు అంగడివాని బాకీ తీర్చినాడు. వ్రాసినవాని బాకీ అట్లే యున్నది. నాకు పది నెలలలో 19 పుస్తకములు చదువుటయు, 31 గ్రంథాలయమునకు చేరుటయు జరిగినది. మిగిలినవి 118. ఈ లెక్కను ప్రతి ఆదివారము నా మనుమరాలు అడుగుచున్నది, నేను చెప్పుచున్నాను. ఈ పత్రికను మడచి ప్రక్కన పెట్టిన పిదప మీరును లేచి, మీ బీరువా తలుపు తీసి, లెక్క పెట్టుడు. ఆ పిదప ఒక్కటి చేతికి తీసికొని, వినువారు ఇంట నున్నచో పైకి చదువుడు.